అడగని నీడ

రోజు 1

నీడబండి నన్ను నడిమి గది దగ్గర దింపి, తెల్లారకముందే వెనక్కి పరిగెత్తింది. తోలేవాడు మూటలు కూడా దించిపెట్టలేదు. సూర్యుడొస్తే నా టైర్లకు ఎవరు జవాబు చెప్తారని గొణుక్కుంటూ పోయాడు. మూడు మూటలూ నేనే లోపలికి లాక్కున్నాను. అరవై ఒకటో ఏట మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయని తెలిసింది, అదొక సంతోషం.

గది రాతిది. ఒక బెంచీ, ఒక రేడియో, రెండు మంచాలు, నీళ్లతొట్టి, మెట్లు దిగితే పాత కాగితాలు దాచిన నేలమాళిగ. తలుపు రెండు పొరల ఇనుప రేకు, మధ్యలో ఊక కూరారు. దానికి అరచేతంత అద్దం. ఇటు ఇరవై కిలోమీటర్లు పోతే ఊరంతా నీడలో ఉండేలా కట్టిన మా పెద్దపందిరి, అటు ఇరవై పోతే ద్వీపంవాళ్ల తెరచాప పందిరి. మధ్యలో చెట్టు లేదు, గోడ లేదు, కుక్క కూడా లేదు.

ద్వీపంవాళ్ల పందిరి గుడ్డ చిరిగిపోతోంది. అతుకులు వేసినా ఈ ఎండాకాలం దాటేలా లేదు. జూన్‌లోగా వాళ్లు తొమ్మిది వందల మందీ మా పందిరి కిందికి రావాలి. ఒకే పందిరి కింద, తలుపు ఎవరికి ఎప్పుడు తీయాలనే పద్ధతులు రెండు కుదరవు కదా. మాకు కంకర పిచ్చమ్మ చెప్పిన పద్ధతి, వాళ్లకు తాసి చెప్పిన పద్ధతి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివి, కొత్త పందిరికి ఎవరి మాట నిలవాలో పోలికపత్రం రాసివ్వమని కమిటీ అడిగింది. మా వైపు నుంచి రూతమ్మ టీచర్, అంటే నేను. వాళ్ల వైపు నుంచి సెలూ అనే ఆమె. ఆమె కూడా ఇవాళే రావాలి, రాలేదు.

రెండో మంచం మీద దుప్పటి పరిచి పెట్టాను.

రోజు 4

పొద్దున ఏడింటికి దేవదానం రేడియోలోకి వస్తాడు. పందిరి కమిటీ గుమాస్తా. నా దగ్గర మూడో తరగతి చదివినవాడే, ఇప్పుడు నాకే హాజరు వేస్తున్నాడు.

"టీచరమ్మగారూ, ఉన్నారా?"

"ఉండక యాడికి పోతాను నాయనా? సెలూ సంగతేంది?"

"వడగాలంటండి. బండి కదల్లేదంట."

"వాళ్లకేనా వడగాలి? మనకు మల్లెపూల గాలా?"

వాడు నవ్వాడు, బ్యాటరీ పోతుందని కట్టేశాడు. రోజుకు రెండు నిమిషాలే రేడియో. ఆ తర్వాత మర్నాడు ఏడింటిదాకా మనిషి గొంతు ఉండదు. నిన్న పొయ్యి వెలగట్లేదని దాన్ని నానా మాటలూ అన్నాను. ఇవాళ దానికి సారీ చెప్పాను. ఒంటరిగా ఉంది. రాయడానికి సిగ్గెందుకు, చాలా ఒంటరిగా ఉంది. ఆ ద్వీపం మనిషి ముక్కోపిదైనా సరే, గురక పెట్టేదైనా సరే, వస్తే చాలు.

రోజు 7

పిచ్చమ్మ కాగితాలు పూర్తయ్యాయి. ముప్పై నాలుగేళ్లు బడిలో ఇవే చెప్పాను. అయినా కొత్తగా చదివినట్టే నోట్సు రాసుకున్నాను.

రోడ్డు పనిలో కంకర కొట్టిన మనిషి పిచ్చమ్మ. అప్పటికింకా పందిళ్లు లేవు. పనిచోట నీడంటే కంట్రాక్టరు గొడుగే. ఎవరైనా కళ్లు తిరిగి పడబోతే ఆయన దయదలిచి గొడుగు కిందికి పిలిచేవాడు. ఇవాళ ఒకరిని పిలుస్తాడు, రేపు ఇంకొకరిని, నచ్చనివాళ్లను అసలు పిలవడు. ఒకరోజు పిచ్చమ్మను పిలిచాడు, ఆమె పోలేదు. ఎండలోనే నిలబడి గొంతెత్తి, "నా నీడ నాకియ్యండి" అని మూడుసార్లు అంది. మొదటిసారి గొడుగు కిందున్నవాడికి, రెండోసారి చుట్టూ ఉన్నవాళ్లకు, మూడోసారి తన చెవికే. పిలిచి ఇచ్చినవాడు రేపు పిలవడం మానేస్తాడు, అడిగి తీసుకున్నదాన్ని మాత్రం ఎవడూ ఆపలేడు అని ఆమె మాట.

అందుకే మా పందిరిలో మూడుసార్లు అడిగినవాళ్లకు తలుపు తీయకపోతే శిక్ష. అడగనివాళ్లకు తీసినా శిక్షే, దాన్ని జాలినేరం అంటాం. అడుగు అని గుర్తుచేయడం కూడా పిలిచినట్టే లెక్క. మాటలు రాని పసివాళ్లకూ, స్పృహ తప్పినవాళ్లకూ మాత్రం మినహాయింపు ఉంది. నేను జన్మలో ఒక్క జాలినేరం కూడా చేయలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉంది.

రోజు 9

ఇక తాసి. ఆయన పడవవాడు. ద్వీపాలు మునిగినప్పుడు ఎంతమందిని ఎక్కించాడో లెక్కలేదు. ఆయన మాటలు మొత్తం పన్నెండు పేజీలే, అదీ ఎవరో పక్కన కూర్చుని రాసుకున్నవి.

నీళ్లలో ఉన్నవాడికి అడిగే ఊపిరి ఉండదు అంటాడు తాసి. పడవలో ఉన్నవాడే చూడాలి, చూసి జరగాలి. అడిగేదాకా జరగనివాడు మనిషి కాదు. కాబట్టి ద్వీపంవాళ్లలో ఒకరిని ఏదైనా అడగడమంటే, నువ్వు మనిషివి కావని మొహాన చెప్పడమే. మొగుడూ పెళ్లాలు విడిపోయేటప్పుడు ఒకరినొకరు గ్లాసుడు నీళ్లు అడుగుతారట, అంతటితో సంబంధం తెగినట్టు. చదివి ముక్కున వేలేసుకున్నాను. మా ఇంట్లో ఆ లెక్కన రోజుకు పదిసార్లు విడాకులయ్యేవి.

పత్రంలో ఇలా రాశాను: "తాసి పద్ధతి నీళ్ల మీద పుట్టింది, పడవకు సరిపోతుంది. నేల మీద, తలుపు ఉన్నచోట, అది వర్తించదు." ఆ వాక్యం నాకు బాగా నచ్చింది, కింద గీత కూడా గీశాను.

రోజు 12

6.10. వచ్చింది! నీడబండి చప్పుడు విని లేచాను. అద్దంలోంచి చూస్తే తెల్ల ముసుగు కప్పుకుని, సంచీ భుజాన వేసుకుని తలుపు ముందు నిలబడింది. సన్నటి మనిషి, ముప్పై ఐదు దాటి ఉండవు. బండి అప్పుడే వెళ్లిపోయింది. తల దువ్వుకున్నాను, చీర మార్చుకున్నాను. రెండు గ్లాసులు కడిగి టీ పెట్టాను. అడగ్గానే తీద్దామని అద్దానికి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను.

6.40. ఇంకా అడగలేదు. ప్రయాణంలో గొంతు ఆరిపోయిందేమో, సర్దుకుంటోంది కాబోలు. నన్ను చూసింది, నేను నవ్వాను, తనూ నవ్వింది. నా టీ చల్లారిపోతుంటే తాగేశాను.

7.00. దేవదానం.

"వచ్చిందయ్యా, కానీ నోరు మెదపట్లేదు. నిలబడి చూస్తాంది."

"అడగందే తియ్యబాకండి టీచరమ్మా. మీకు తెలియంది కాదు. పోలికపత్రం రాసే మనిషే జాలినేరం చేస్తే మన మాటకు ఇలువేముంటది?"

"నాకు నువ్వు చెప్తావురా?" అన్నాను. కానీ వాడన్నది నిజం.

7.50. తలుపు తూర్పు ముఖం. ఎండ నేరుగా ఆమె మీద పడుతోంది. బయట నలభై ఏడు డిగ్రీలు. దగ్గాను, గ్లాసులు టకటకలాడించాను, ఊక తలుపులోంచి ఏం వినపడుతుంది? ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. నాకూ ఒళ్లు మండుతోంది. ఏమిటీ పొగరు? పిచ్చమ్మను చదివిందట కదా, మూడు ముక్కలు అనడానికి ఏం అరిగిపోతుంది? నా చేతే పిలిపించుకుని, తాసిదే గెలుపని పత్రంలో రాద్దామనుకుంటోందా?

8.30. యాభై. గోడకు ఆనుకుంది. అద్దంలోంచి నన్నే చూస్తోంది. తల్లీ, అడగవే. ఒక్కసారి పెదవి కదిపినా మూడుసార్లని రాసుకుంటాను.

9.00. చెయ్యి గడియ మీదే ఉంది. తీయలేకపోతున్నాను. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు చెప్పిన మాట చేతిని పట్టుకుని ఉంది. అడగనిదానికి ఇస్తే ఆమెను బిచ్చగత్తెను చేసినట్టు కాదా?

9.25. పడిపోయింది. స్పృహ లేదు. తలుపు తీశాను.

రోజు 13

తడిగుడ్డలు మార్చి మార్చి నా చేతులు నానిపోయాయి. మధ్యాహ్నానికి కళ్లు తెరిచింది. పొద్దున ఏడింటికే దేవదానంతో చెప్పాను, డాక్టరును పంపమన్నాను. వడగాలి మళ్లీ లేచిందట, రెండు రోజులదాకా ఏ వైపు నుంచీ బండి కదలదు.

ఆమె నీళ్లు అడగదు. పెదవులు పగిలి నెత్తురొస్తున్నా అడగదు. నేను మొదట గంటకోసారి ఇచ్చాను, అది సరిపోలేదు. తర్వాత ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాను. గొంతు దగ్గర చిన్నగా కదులుతుంది, అప్పుడు ఇవ్వాలి. సాయంత్రానికి పట్టు దొరికింది. ఇంతసేపు ఒక మనిషి మొహాన్ని నేను ఎప్పుడూ చూడలేదు.

మాట వచ్చాక నేనే అడిగాను, ఎందుకమ్మా అడగలేదు అని. ఆమె తెలుగు నీడబండ్లు తోలేవాళ్ల దగ్గర నేర్చుకుందట, చదువుకున్న మనిషి నోట ఆ మోటు మాటలు వింటుంటే వింతగా ఉంది.

"మీ పిచ్చమ్మను చదివినా అక్కా. ఆమె అడగమంది కంట్రాక్టరు కాడ. నువ్వేమన్నా కంట్రాక్టరువా? నీ కాడ అడిగితే నిన్ను తిట్టినట్టే కదా అనుకున్నా."

"మరి నేను ఎందుకు తీయట్లేదనుకున్నావు?"

"తెలవలా. నవ్వినావు. రెండు గిలాసలు పెట్టినావు. నన్ను చూస్తా నీది తాగినావు." కళ్లు అటు తిప్పి, "బెంచీ మజ్జలో కూసున్నావు, జరగలా," అంది.

రూలు చెప్పాను, జాలినేరం సంగతీ చెప్పాను. ఆమె అంతా విని కళ్లు మూసుకుంది. నేను నేలమాళిగలోకి పోయి ఏడ్చి వచ్చాను.

రోజు 14

పొద్దున్నుంచీ తేటగా ఉంది. గంజి రెండు చెంచాలు తాగింది. ఇద్దరం వాళ్లిద్దరి గురించి పోట్లాడుకున్నాం. ఎంత బాగుందో! నేను ఇటు పిచ్చమ్మ, తను అటు తాసి.

"ఏందక్కా మీ పిచ్చమ్మ, ఊరికే గొంతు చించుకుంటది?"

"చించుకోకపోతే ఎవడు వింటాడే? మీ తాసి లాగా బెల్లం కొట్టిన రాయిలా ఉండాలా?"

"తాసికి గొంతు లేదు. ఉప్పునీళ్లు తాగి పొయ్యింది. చేత్తోనే చెప్పేటోడు. అందుకే మాటను నమ్ముకోలా, చూడమన్నాడు."

ఇది ఆ పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు. వాళ్ల ఇళ్లల్లో చెప్పుకుంటారట. అప్పుడు నేనూ ఒకటి చెప్పాను. కంకర ముక్క తగిలి పిచ్చమ్మకు ఒక కన్ను పోయింది, రెండోది మసక. ఎండలో ఎవరు నిలబడ్డారో, ఎవరు పడ్డారో ఆమెకు కనిపించేది కాదు. నా అంతట నేను చూడలేను, నోరు తెరిచి చెప్పండి అనేదట. ఇది కూడా పుస్తకాల్లో లేదు, మా నాయనమ్మ చెప్పింది.

సెలూ నవ్వింది. నవ్వితే పెదవి చిట్లింది, అయినా నవ్వింది. "ఒకరికి కళ్లు లేవు, ఒకరికి గొంతు లేదు. మనకు రెండూ ఉండాయి గదక్కా," అంది.

ఆమెను చూసి ఒక సంగతి చెప్పాలనిపించింది. పన్నెండు రోజులు నీకోసమే ఎదురుచూశానే, గురక పెట్టినా ఫర్వాలేదనుకున్నాను అని చెప్పాను. తను గురక పెట్టదట, వాళ్ల అక్క తెవా పెడుతుందట. తెవా తనను తల్లిలా పెంచిందని చెప్పింది.

నిన్నటి నుంచీ ఆమె ఒంటికి వెళ్లలేదు. పాదాలు ఉబ్బాయి. నాకు భయంగా ఉంది.

రోజు 15

తెల్లవారుజామున పోయింది. నేను పక్కనే ఉన్నాను. గొంతు దగ్గర కదులుతుందేమోనని చూస్తూనే ఉన్నాను, కదలలేదు.

రోజు 16

ఏడింటికి దేవదానం. నిన్న రేడియో తీయబుద్ధి కాలేదు, ఇవాళ చెప్పాను. 

"టీచరమ్మా, ఒక మాట. మీరు కింద కాగితాల కాడ ఉండారు, చూడలేదు అని రాద్దాం."

"నీకు చెప్పాను కదరా, చూస్తున్నానని."

"నాకు చెప్పింది నాకాడే ఉంటది. మన రూలు పెకారం మీ తప్పేం లేదు, ఆమె అడగలా. కానీ ద్వీపంవాళ్లకు చూసీ జరగకపోవటమంటే హత్య. నిజం తెలిస్తే వాళ్లు మన పందిరి కిందికి రారు. ఆ చిరిగిన గుడ్డ కింద తొమ్మిది వందల మంది. పిల్లలుండారు టీచరమ్మా."

వాడు చెడ్డవాడు కాదు. వాడు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. రెండు నిమిషాలు అయిపోయాయి, రేడియో కట్టేశాడు.

మధ్యాహ్నందాకా గదిలో అటూ ఇటూ తిరిగాను. అబద్ధం చెప్తే వాళ్లు వస్తారు, వచ్చి మా తలుపుల ముందు మాట్లాడకుండా నిలబడతారు. మావాళ్లు లోపల కూర్చుని టీ తాగుతూ చూస్తారు, నాలాగే. నిజం చెప్తే వాళ్లు రారు, పైన గుడ్డ ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఏదైనా చావే. ఇంతలో ఆమె మొహం మీద దుప్పటి సర్దడానికి పోయాను. ఆమె దగ్గర నిలబడి, నిన్ను చూడలేదు అని ఒకసారి పైకి అని చూశాను. అనలేకపోయాను.

బ్యాటరీ పోతే పోనీ అని రేడియో ద్వీపంవాళ్ల వైపు తిప్పాను. సెలూ వాళ్ల అక్కను పిలవమన్నాను. తెవా వచ్చింది.

"నేను చూశానమ్మా," అన్నాను. "ఆరూ పది నుంచి తొమ్మిదీ ఇరవై ఐదు దాకా. మూడుంబావు గంటలు చూస్తూనే కూర్చున్నాను. ఆమె అడుగుతుందని కూర్చున్నాను."

"పొద్దున బండి తెస్తా," అంది. అంతే.

సాయంత్రం పాత పత్రం చించేసి కొత్తది రాశాను. కమిటీకీ, ద్వీపంవాళ్లకూ ఇద్దరికీ చదివి వినిపించాను.

"పిచ్చమ్మ, తాసి, ఇద్దరిలో ఎవరి మాట నిలవాలని అడిగారు. పిచ్చమ్మ అడగమన్నది చూసీ చూడనట్టుండే కంట్రాక్టరును. తాసి జరగమన్నది చూడగలిగినవాణ్ని. పన్నెండో రోజు పొద్దున ఈ గది లోపల పిచ్చమ్మ ఉండి ఉంటే, ఎవరో నిలబడ్డారని తెలిసిన మరుక్షణం తలుపు తీసేది. బయట తాసి ఉండి ఉంటే, మొహాన ఎండ పడగానే రెండు చేతులతో తలుపు బాదేవాడు. లోపలా బయటా ఉన్నది వాళ్లు కాదు, వాళ్లను బాగా చదువుకున్న మేము. కొత్త పందిరికి నా దగ్గర వేరే వాక్యం ఏదీ లేదు."

రోజు 17

నాలుగింటికే లేచి తలుపు బార్లా తెరిచి పెట్టాను. బయటికి పోయి గుమ్మం పక్కన నిలబడ్డాను, ఆమెకు దారి అడ్డం ఉండకూడదని.

బండి ఐదింటికి వచ్చింది. తెవా దిగింది. సెలూ కంటే పొడుగు, జుట్టు నెరిసింది. తెరిచిన తలుపును చూసింది, నన్ను చూసింది. రామ్మా అన్నాను. ఆమె కదల్లేదు. గుమ్మం ముందు నిలబడి, గట్టిగా, స్పష్టంగా, బండ్లవాళ్ల తెలుగులో అడిగింది.

"లోపలికి రావచ్చా? లోపలికి రావచ్చా? లోపలికి రావచ్చా?"

 వాళ్లలో అడగడమంటే ఏమిటో నాకు తెలుసు. నోట్సులో నేనే రాసుకున్నాను.

లోపలికి వచ్చి మంచం దగ్గర నిలబడింది. "దుప్పటి తియ్యచ్చా?" అని మూడుసార్లు. అడక్కు తల్లీ, నీ చెల్లెలు కదా అన్నాను. వినపడనట్టు, "నీళ్లు వాడుకోవచ్చా?" అంది. నేను అంతకుముందే చెంబుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికి అందేలా పట్టుకున్నాను. ఆమె దాన్ని నేను కింద పెట్టేదాకా ఆగి, మూడుసార్లూ అడిగి, నేను అవునన్నాకే తీసుకుంది. మొహం కడగవచ్చా. జుట్టు దువ్వవచ్చా. సంచీ తీసుకోవచ్చా. తీసుకుపోవచ్చా. ఒక్కటీ వదల్లేదు. గొంతులో కోపం లేదు, అది ఉన్నా బాగుండేది. గోడను అడిగినట్టు అడిగింది. నేను ప్రతిదానికీ అవునన్నాను.

కాళ్లవైపు నేను పట్టుకోబోతే ఆమె చూసిన చూపుకు వెనక్కి జరిగాను. ఆమే, బండివాడూ మోసుకుపోయారు.

బండెక్కబోతూ ఆగింది. తిరిగి నా ముందుకు వచ్చి నిలబడింది.

"జూన్లో మేము తొమ్మిది వందల మందిమి మీ పందిరి కిందికి రావచ్చా?"

రెండోసారి. మూడోసారి. 

"రండి," అన్నాను.

ఏడింటికి దేవదానం రేడియోలోకి వచ్చాడు, గొంతు నిండా సంతోషం. తెవా కబురు కమిటీకి అప్పుడే అందిందట. వాళ్లందరికీ మూడుసార్లు అడగడం నేర్పించి మరీ తీసుకొస్తానందట. మీ పత్రం పని చేసింది టీచరమ్మా, నిజం చెప్పి మంచిపని చేశారు అన్నాడు. కమిటీలో పెద్దలంతా ద్వీపంవాళ్లను ఒకటే మెచ్చుకుంటున్నారట, ఎంత మర్యాద తెలిసిన మనుషులో, మన పద్ధతి ఎంత తొందరగా పట్టుకున్నారో అని.